వావిలాకు నీళ్ళు, నలుగుపిండి: ఉప్పు బోరున్న ఊళ్ళో ప్రాజెక్టు డైరీ

కోనసీమలో సముద్రం వైపు ఊళ్ళలో ఆకులకు కరువు లేదు. వేప పెరట్లోనే ఉంటుంది, వావిలి కంచెల్లో పెరుగుతుంది, తుంగ వద్దన్నా మొలుస్తుంది. ఇంట్లో చేసుకునే నలుగు, ఆకు నీళ్ళ స్నానం పాడయ్యేది మూడు చోట్ల: బోరు నీళ్ళ దగ్గర, పిండి మర దగ్గర, వానాకాలపు తేమ దగ్గర. ఈ డైరీలో ఎక్కువ భాగం ఆ మూడింటి గురించే. తొట్టి స్నానం లెక్కలు ఇందులో లేవు. అన్నీ 20 లీటర్ల బకెట్టుకూ చెంబుకూ సరిపోయే కొలతలే.

దశ 1: నీళ్ళు (మార్చి)

కొన్న పరికరాలు: టీడీఎస్ మీటరు 240 రూపాయలు, పీహెచ్ (పులుపు, క్షారం ఎంతో చెప్పే కొలత) పట్టీలు 130, ఒక గ్రాము తేడా చూపే వంటింటి తూకం 460, పొడుగు కాడ థర్మామీటరు 190.

టీడీఎస్ కొలతలు, లీటరుకు మిల్లీగ్రాముల్లో:

- పంట కాలువ: 160
- పంచాయతీ కుళాయి (కాలువ నీళ్ళతో నింపిన మంచినీళ్ళ చెరువుది): 210
- ఇంటి బోరు: 1,340
- వాటర్ ప్లాంటు డబ్బా: 45

తాగే నీళ్ళకు భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 500 దాకా మంచిది. వేరే దారి లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. ఆ లెక్కన మా బోరు మరీ చెడ్డదేం కాదు. కానీ టీడీఎస్ మీటరు చెప్పేది కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో మాత్రమే. కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియం పాలు, ఎంతో అది చెప్పదు. స్నానానికి అడ్డం పడేది కాఠిన్యమే. దాన్ని పట్టుకోవడానికి నురగ పరీక్ష చాలు.

1. ఒకే కొలత గాజు సీసాల్లో 95 మిల్లీలీటర్ల నీళ్ళు పోయాలి.
2. సబ్బు కరిగించిన నీళ్ళు గానీ కుంకుడు రసం గానీ 5 మిల్లీలీటర్లు కలపాలి.
3. మూత పెట్టి 20 సార్లు గట్టిగా ఊపాలి.
4. ఒక నిమిషం ఆగి నురగ ఎత్తు స్కేలుతో కొలవాలి.

సబ్బు నురగ డబ్బా నీళ్ళలో 6 సెంటీమీటర్లు, కాలువ నీళ్ళలో 4.5, బోరు నీళ్ళలో అర సెంటీమీటరు వచ్చింది. బోరు సీసాలో పైన తెల్లటి తెట్టు కూడా తేలింది. నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని పదార్థంగా మారడం వల్ల వచ్చిన తెట్టు అది. స్నానం చేశాక ఒళ్ళు జిడ్డుగా, ఆరాక పొట్టు రేగినట్టు ఉండటానికి కారణం ఇదే. ఇంత తెట్టు ఒంటి మీద ఉంచుకుని పైన ఏ ఆకు నీళ్ళు పోసుకున్నా ఫలితం తెలియదు.

కాలువ నీళ్ళు తేరడానికి పటిక: మార్చిలో 20 లీటర్లకు 1 గ్రాము చాలింది. కలిపి రెండు గంటలు కదపకుండా ఉంచి, పై నీళ్ళు వంచుకోవాలి. జూలైలో ఎర్రనీళ్ళు (వరద మట్టి నీళ్ళు) వచ్చాక 2.4 గ్రాములు పట్టింది. తొందరపడి 5 గ్రాములు వేసిన బకెట్టు నీళ్ళు తేటగానే ఉన్నాయి గానీ చర్మం బిగిసినట్టయింది. చిల్లగింజ అరగదీసి కలిపితే ఆ బిగుతు లేదు, కాకపోతే తేరుకోవడానికి రాత్రంతా పట్టింది. ఒక జాగ్రత్త: పంట కాలువ వేరు, మురుగు కాలువ వేరు. చేలల్లోంచి దిగే నీటిలో కొట్టిన మందులన్నీ ఉంటాయి. మురుగు కాలువ నీళ్ళు పటిక వేసినా స్నానానికి పనికిరావు.

ఇప్పటిదాకా ఖర్చు: పటికతో కలిపి 1,030 రూపాయలు.

దశ 2: కుంకుడు (మార్చి చివర)

అదే పరీక్ష కుంకుడు రసంతో చేస్తే డబ్బా నీళ్ళలో 5.5, కాలువలో 5.5, బోరులో 5 సెంటీమీటర్లు. కుంకుడులో నురగ తెచ్చేవి సపోనిన్లు. సబ్బులా అవి కాల్షియంతో తెట్టు కట్టవు. ఉప్పు బోరున్న ఇంట్లో సబ్బు మానేసి కుంకుడుకు మారడమే సగం పని.

అరకిలో కాయలు 90 రూపాయలు. గింజ తీసి తూస్తే తొక్క 290 గ్రాములు, గింజలు 205, దుమ్మూ ధూళీ 5. కొట్లో చవకగా దొరికే కాయల్లో గింజ బరువే ఎక్కువ కాబట్టి, ఎప్పుడూ తొక్క తూకం మీదే లెక్క వేసుకోవాలి.

1. తొక్క 30 గ్రాములు, కాలువ నీళ్ళు 600 మిల్లీలీటర్లు. రాత్రి నానబెట్టాలి.
2. పొద్దున చేత్తో పిసికి, సన్నసెగ మీద 10 నిమిషాలు కాచాలి.
3. చల్లారాక పంచె గుడ్డలో వడగట్టాలి. దాదాపు 480 మిల్లీలీటర్లు వస్తుంది. తలకూ ఒంటికీ కలిపి ఇద్దరికి సరి.

రసం పీహెచ్ 4.5 దగ్గర ఉంది. సబ్బు నీళ్ళు 9 దాటాయి. చెడిపోయింది ఎక్కడంటే, ఎక్కువ కాచి సీసాలో పెట్టిన రసం మూడో రోజుకు పులిసింది, మూత తీస్తే బుస్సుమంది. ఐసు ట్రేలో పోసి గడ్డ కట్టించినది మాత్రం నెల రోజులు నిలిచింది. గింజతో పాటు దంచి కాచిన రసం పిప్పితో మడ్డిగా తయారైంది, వడగట్టడానికి రెట్టింపు సమయం పట్టింది. కంట్లో పడితే భరించలేనంత మంట. పిల్లలకు పోసేటప్పుడు తల వెనక్కి వంచడం మరిచిపోకూడదు.

ఇప్పటిదాకా ఖర్చు: 1,120.

దశ 3: ఆకులు, గడ్డలు ఎండబెట్టడం (ఏప్రిల్)

మొదటి విడత వావిలాకు డాబా మీద ఎండలో వేశాం. ఒక్క రోజులో గలగలలాడింది, కానీ నలిపితే వాసన లేదు. వావిలి వాసనంతా ఆవిరైపోయే నూనెదే. ఎండకు అదే ముందు పోతుంది. రెండో విడతను వసారాలో నీడన, దోమతెర గుడ్డ (90 రూపాయలు) మీద పలచగా పరిచాం. ఐదు రోజులు పట్టింది, వాసన నిలిచింది.

తూకాలు, పచ్చివి, ఎండాక:

- వేపాకు: 1,000 గ్రాములు, 375
- వావిలాకు: 1,000 గ్రాములు, 345
- కమలా తొక్కలు: 600 గ్రాములు, 165
- తుంగ గడ్డలు (తుంగముస్తలు): 250 గ్రాములు, 110

కమలా తొక్కలు మాత్రం ఎండలోనే వేయాలి. నీడన పెట్టినవి నాలుగో రోజుకు లోపలి తెల్లపొర మీద పచ్చటి బూజు పట్టాయి. తొక్క విరిస్తే టక్కుమనాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టే.

తుంగముస్తలు కొననక్కర్లేదు. కానీ చేలో నీళ్ళలో మొలిచే తుంగలకు గడ్డ ఉండదు. కొబ్బరితోటల్లో, గట్ల మీద మొలిచే తుంగకే నల్లటి గడ్డలు దొరుకుతాయి. కలుపు మందు కొట్టిన గట్టుది తవ్వొద్దు. కడిగి ఆరబెట్టాక బాండీలో రెండు నిమిషాలు వేయిస్తే పైనున్న పీచు మాడి రాలిపోతుంది. ఈ పని చేయకుండా ఆడిస్తే పిండిలో వెంట్రుకల్లా తేలి ఒంటికి గుచ్చుకుంటాయి.

వావిలిని గుర్తుపట్టడం: కాడకు మూడు లేక ఐదు ఆకులు, అడుగు భాగం బూడిద తెలుపు, నలిపితే ఘాటు. తురకవేపను వేప అనుకుని కోసుకొచ్చేవాళ్ళు తక్కువేం కాదు. వేపలో ఈనెకు రెండు వైపులా ఒకే వరుసలో ఆకులుంటాయి. తురకవేపలో ఈనె మళ్ళీ చిన్న ఈనెలుగా చీలుతుంది.

ఇప్పటిదాకా ఖర్చు: 1,210.

దశ 4: నలుగుపిండి, మొదటి విడత. పారేశాం (ఏప్రిల్ చివర)

పెసలు 500 గ్రాములు, శనగపప్పు 250, బియ్యం 100, పసుపు కొమ్ములు 50, కచ్చూరాలు 50, బావంచాలు 50. మొత్తం కిలో. సరుకు, మర కూలి కలిపి 175 రూపాయలు.

నాలుగు తప్పులు జరిగాయి. పెద్దది ముందు.

మర. ఏప్రిల్, మే నెలల్లో ఊరి మరలన్నీ ఏడాది కారం ఆడిస్తుంటాయి. మా పిండి కారం వెనకే పడింది. కంటికి ఏమీ కనిపించలేదు. మోచేతి లోపల పట్టించి చూసినప్పుడు రెండు నిమిషాల్లో మంట తెలిసింది. రాయి సందుల్లో మిగిలిన కారం ఎంతుంటుందో తూచలేం గానీ, ఒంటి మీద ఎక్కడున్నా తెలుస్తుంది. ముందుగా అరకిలో నూకలు ఆడించి, ఆ పిండి పారేసి, తర్వాతే మన సరుకు పోయించాలి. మర అతను విసుక్కుంటాడు. నూకలకూ కూలి ఇస్తామంటే ఒప్పుకుంటాడు.

బావంచాలు. ఇవి పాత పద్ధతుల్లో ఉన్నవే, కొట్లో అడగ్గానే ఇస్తారు. వాటిలో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మం మీదుండగా ఎండ తగిలితే ఎర్రబడుతుంది, బొబ్బలు రావచ్చు, తర్వాత నల్ల మచ్చ మిగులుతుంది. బొల్లి వైద్యంలో దాన్ని వాడేది కూడా ఈ గుణం కోసమే. స్నానం చేసి చేలోకో డాబా మీదకో వెళ్ళే వాళ్ళ పిండిలో దానికి చోటు లేదు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్ళినా ఇదే గొడవ.

పసుపు. 50 గ్రాములు చాలా ఎక్కువైంది. తువ్వాలు పచ్చబడింది, దాన్ని సబ్బుతో ఉతికితే మరక ఎర్రబడింది. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రగా మారుతుంది. భయపడి రుద్దాల్సిన పని లేదు. తడిపి రెండు రోజులు ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది.

బరక. ఇంట్లో రవ్వ జల్లెడతో జల్లించాం. బియ్యం పలుకుల అంచులు గీరుకున్నాయి. మోకాళ్ళకు ఫరవాలేదు గానీ మెడకు ఎర్ర చారలు పడ్డాయి.

ఇప్పటిదాకా ఖర్చు: 1,385.

దశ 5: రెండో విడత (మే)

మార్చినవి: బియ్యం, బావంచాలు తీసేశాం. మామూలు పసుపు బదులు కస్తూరి పసుపు. దీని మరక తేలిక, వాసన కర్పూరంలా ఉంటుంది, వంటకు మాత్రం పనికిరాదు. జల్లెడ 60 నంబరుది, కన్ను పావు మిల్లీమీటరు, 320 రూపాయలు.

కిలోకు తూకం:

- పెసలు 600 గ్రాములు
- శనగపప్పు 150
- కచ్చూరాలు 50
- కస్తూరి పసుపు 40
- తుంగముస్తలు 40
- ఎండు గులాబీ రేకులు 40
- వట్టివేళ్ళు 30
- కమలా తొక్కలు 30
- వేపాకు 20

వేపాకు 20 దాటితే పిండి వాసన మందులా తయారవుతుంది, ఇంట్లో ఎవరూ ముట్టరు.

1. పెసల్ని గాలి చొరని కవరులో డీప్ ఫ్రీజర్‌లో నాలుగు రోజులు పెట్టాలి. పెంకు పురుగు గుడ్లు పెసల మీదే అంటుకుని ఉంటాయి, కంటికి చిన్న తెల్ల చుక్కల్లా కనిపిస్తాయి. బయటికి తీశాక కవరు విప్పకుండా ఆరు గంటలు ఉంచాలి. చల్లగా ఉండగానే విప్పితే మన తేమకు గింజ చెమరుస్తుంది.
2. గింజలు, పప్పు రెండు రోజులు ఎండ. కడగొద్దు.
3. కచ్చూరాలు, కస్తూరి పసుపు, తుంగముస్తలు రోట్లో కచ్చాపచ్చాగా దంచుకోవాలి. గట్టి కొమ్ము నేరుగా మిక్సీలో వేస్తే బ్లేడు మొండిదవుతుంది.
4. వట్టివేళ్ళు కత్తెరతో సెంటీమీటరు ముక్కలు చేసి విడిగా మిక్సీ పట్టాలి. పొడుగ్గా మరలో వేస్తే చుట్టుకుపోయి దూదిలా బయటికొస్తాయి.
5. నూకల తర్వాత మిగతావన్నీ మర. ఆడించేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.
6. పిండి వేడి పూర్తిగా చల్లారాకే జల్లించాలి. వేడి మీద మూత పెడితే డబ్బా లోపల ఆవిరి పట్టి గడ్డలు కడుతుంది.

వచ్చింది: 1,000 గ్రాములకు జల్లెడ దిగిన పిండి 865, జల్లెడ మీద మిగిలింది 96, మర తిన్నది 39. మిగిలిన 96 మళ్ళీ మిక్సీ పడితే ఇంకో 61 దిగింది. మొత్తం 926. ఆఖరి 35 గ్రాముల పిప్పి మడమలకు.

వాడకం: ఒంటికి నూనె 25 మిల్లీలీటర్లు, 20 నిమిషాలు ఆగి, పిండి 40 గ్రాములు, నీళ్ళు 60 మిల్లీలీటర్లు. నువ్వుల నూనె కన్నా కొబ్బరినూనె తేలిగ్గా వదిలింది. నువ్వుల నూనెకు పిండి 50 గ్రాములు పట్టింది. పూర్తిగా ఆరిపోయే దాకా ఆగకూడదు. సగం ఆరగానే పై నుంచి కిందికి నలిచి రాల్చాలి. నూనె, పిండి పడ్డ గచ్చు భలే జారుతుంది. లేచే ముందు వేడినీళ్ళు కుమ్మరించి చీపురుతో తోయాలి. తూముకు చిక్కం పెట్టకపోతే పిండి గొట్టంలో ముద్దకడుతుంది.

పిండికి అయిన ఖర్చు (జల్లెడ, మిగిలిన 70 గ్రాముల వట్టివేళ్ళు తీసేస్తే) 247 రూపాయలు. 926 గ్రాములు 23 సార్లకు వస్తుంది. ఒక్క నలుగుకు 11 రూపాయల లోపు.

ఇప్పటిదాకా ఖర్చు: 2,018.

దశ 6: ఆకు నీళ్ళు (జూన్)

మొదట ఆకులన్నీ ఒకేసారి వేసి, మూత లేకుండా అరగంట మరగబెట్టాం. వీధి వాకిలి దాకా వావిలి వాసన. నీళ్ళలో మాత్రం లేదు. ఇప్పుడు పాటించే వరస ఇది:

1. డేగిసాలో 4.5 లీటర్ల నీళ్ళు, పచ్చి వేపాకు 100 గ్రాములు. మూత పెట్టి 10 నిమిషాలు మరిగించాలి.
2. పొయ్యి ఆపి వావిలాకు 150 గ్రాములు నలిపి వేసి వెంటనే మూత. ఎండాకైతే 50 గ్రాములు.
3. 20 నిమిషాలు ఆగి గుడ్డలో వడగట్టాలి. 4 లీటర్లు, 80 డిగ్రీల వేడి మిగులుతుంది.

వేడి లెక్క తప్పి రెండు స్నానాలు చెడ్డాయి. 2 లీటర్ల కషాయం 28 డిగ్రీల నీళ్ళు 18 లీటర్లలో పోస్తే వచ్చేది 33 డిగ్రీలే, ఒంటికి చల్లగా తగులుతుంది. 4 లీటర్లు 16 లీటర్లలో పోస్తే 38.4. అదే సరైన వేడి. సంక్రాంతి రోజుల్లో బకెట్టు నీళ్ళు 24 డిగ్రీలకు దిగితే 5 లీటర్ల కషాయం, 15 లీటర్ల చన్నీళ్ళు అవసరం. 40 దాటితే చర్మంలోని నూనె పోయి, స్నానం అయ్యాక దురద మొదలవుతుంది.

ఉసిరి, కరక్కాయ, సీకాయ వేసి కాచేవాళ్ళు ఇనుప పాత్ర వాడొద్దు. వాటిలోని టానిన్లు (వగరు పదార్థాలు) ఇనుముతో కలిసి నల్ల సిరాలా అవుతాయి. స్టీలు డేగిసాలోనూ బోరు నీళ్ళతో కాస్తే నల్లబడింది, అంటే ఇనుము నీళ్ళలోనే ఉందన్నమాట. చెంబులో రాత్రంతా ఉంచిన బోరు నీళ్ళ అడుగున తుప్పు రంగు మడ్డి కనిపిస్తే మీదీ అదే బోరు.

హీటరు రాడ్ ఉన్న బకెట్టులో ఆకులు వేయొద్దు. తీగ చుట్ట మీద అంటుకుని మాడతాయి, వాటిని తీయబోయి నీళ్ళలో చెయ్యి పెట్టడం ప్రాణం మీదికి తెస్తుంది.

బాగా ఫలితం ఇచ్చిన మార్పు చివరికి దొరికింది, పైసా ఖర్చు లేనిది. వేసవిలో కాలువలు కట్టేశాక కుళాయి నీళ్ళు రోజుకు రెండు బిందెలే. వాటిని కషాయానికి వాడి, చివర బోరు నీళ్ళు కుమ్మరించుకుంటుంటే ఒళ్ళు ఆరగానే తెల్లటి ఉప్పు చారలు, బిగుతు. తిరగేశాం. కషాయం కలిపేది బోరు నీళ్ళలో, ఆఖరి రెండు చెంబులు మాత్రం కుళాయి నీళ్ళు. ఉప్పు చారలు పోయాయి. మంచినీళ్ళు కొంచెమే ఉంటే వాటిని చివరికి దాచుకోవాలి.

ఈ దశకు ఖర్చు లేదు: 2,018.

దశ 7: వానాకాలం నిల్వ (జూలై, ఆగస్టు)

100 గ్రాముల పిండి పళ్ళెంలో తెరిచి పెడితే ముసురు పట్టిన మూడు రోజుల్లో 106 గ్రాములైంది. తొమ్మిదో రోజు బూడిద రంగు బూజు. స్నానాల గదిలో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టింది మూడు వారాల్లో ముక్కిపోయిన వాసన వేసింది, అడుగున గడ్డలు కట్టింది. రబ్బరు చుట్ట మూత గాజు సీసాలో (మూడు సీసాలు 180 రూపాయలు), వేయించి చల్లార్చిన బియ్యం చిన్న మూటతో వంటింటి అరలో పెట్టినది ఆగస్టు ఆఖరుకీ అదే తూకం.

సీసాలోంచి తడి చేత్తో తీయడమే ఎక్కువ పాడు చేస్తుంది. వారానికి సరిపడా 80 గ్రాములు చిన్న డబ్బాలోకి తీసుకుని, పెద్ద సీసా ముట్టుకోకుండా ఉంచుతున్నాం. బూజు కనిపించిన పిండిని ఎండబెట్టి వాడొద్దు, మొత్తం పారేయాలి.

కొత్త విడత ప్రతిదీ ముందు మోచేతి లోపల రూపాయి బిళ్ళంత పట్టించి, ఒక రోజు ఆగి చూడాలి. గజ్జి, తామర, తెరిచిన పుండ్లు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా నలుగు జోలికి పోవద్దు. చంటిపిల్లలకు ఈ మిశ్రమం కాదు, ఉత్త పెసరపిండి చాలు.

మొత్తం ఖర్చు: 2,198. అందులో మళ్ళీ కొననక్కర్లేని పరికరాలు (మీటర్లు, తూకం, దోమతెర, జల్లెడ, సీసాలు) 1,610.

మిగిలిన పని: కడియం నర్సరీల నుంచి వట్టివేరు మొక్కలు తెచ్చి పాత సిమెంటు గోలెంలో నాటాలి. నేలలో వేస్తే వేరు లోతుకు దిగి తవ్వేటప్పుడు తెగిపోతుంది, గోలెమైతే బోర్లించుకోవచ్చు. వేరు చేతికి రావడానికి ఏడాది పైనే పడుతుంది. అందాకా కొన్న 70 గ్రాములు మూట కట్టి ఆఖరి చెంబుల నీళ్ళ బిందెలో వేస్తున్నాం. వారానికోసారి తీసి ఆరబెట్టాలి, లేకపోతే మూట జిగురు కడుతోంది.